కొత్త మినిస్ట్రీని చర్చి అని ఒప్పుకోవచ్చా? తమ్ముడి పెళ్లి ఈ మాట దగ్గరే ఆగింది

మెట్టుగూడ_మార్త
తమ్ముడికి సంబంధం కుదిరింది. అమ్మాయి చక్కగా చదువుకుంది, నెమ్మదస్తురాలు, అమ్మకి బాగా నచ్చింది. చిక్కంతా చర్చి దగ్గరే వచ్చింది. వాళ్లు వెళ్లేది కొంపల్లి వైపు ఈమధ్యే మొదలైన ఒక మినిస్ట్రీకి. ఆదివారం ఫంక్షన్ హాల్ అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుతారు. ఫ్లెక్సీల మీద పాస్టర్ గారి పేరు ముందు 'అపొస్తలులు' (యేసు పంపిన మొదటి శిష్యుల బిరుదు) అని రాసి ఉంటుంది. ఆయన రెండు మాటలు చెప్పి పంపారు. ఒకటి, తమ్ముడు మళ్లీ నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోవాలి, చిన్నప్పుడు చేసిన చిలకరింపు చెల్లదట. రెండు, పెళ్లి ఆయనే చేస్తారు, అదే హాల్లో, రాత్రి పూట.

మాది తాత కాలం నుంచి సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. నాన్న వినగానే "అది చర్చే కాదు, ఒక మనిషి పెట్టుకున్న దుకాణం" అన్నారు. ఆ మాట ఎలాగో వాళ్ల చెవిన పడింది. అమ్మాయి తండ్రి "మీకు రాతి గోడలున్నాయి, మాకు పరిశుద్ధాత్మ ఉన్నాడు" అని తిరిగి కబురు పంపారు. రెండు ఇళ్లలోనూ టెన్షన్. నేను ఎవరి పక్షానా లేను. ఒక సంఘాన్ని నిజమైన చర్చి అని దేన్ని బట్టి అంటాం? తెలిసినవాళ్లు చెప్పండి.

పాత_వెస్లియన్
మీ నాన్నగారు సరిగ్గానే అన్నారు. వాళ్లకు డయాసిస్ (బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) లేదు, బిషప్ లేడు, ఆయనకు ఆర్డినేషన్ (పాస్టర్‌గా అభిషేకం) ఎవరిచ్చారో తెలియదు. మా పాస్టర్ గారు తప్పు చేస్తే పాస్టరేట్ (స్థానిక సంఘం) కమిటీ ఉంది, ఆ పైన డయాసిస్ ఉంది. అక్కడ తప్పు జరిగితే ఎవరికి చెప్పుకుంటారు? ఇంటి పేరు కింద మినిస్ట్రీస్ అని బోర్డు పెడితే చర్చి అయిపోదు.

సీతాఫల్‌మండి_శామ్
అన్నా, మన డయాసిస్ గొడవలు కూడా పేపర్లో చదువుతున్నాం కదా. సీఎస్ఐ పై సభ అయిన సినాడ్ ఎన్నికల తగాదా మద్రాస్ హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. పైన ఎవరో ఉన్నారని నిశ్చింతగా ఉండలేం.

పాత_వెస్లియన్
కోర్టుకు వెళ్లగలిగాం అనేదే నా పాయింట్. రాజ్యాంగం ఉంది, ఓటు ఉంది, అది తప్పారని నిలదీసే హక్కు ఉంది. అపొస్తలుల గారి మీద ఏ నియమావళి చూపించి కేసు వేస్తారు?

గోల్కొండ_చౌరస్తా
మేం హెబ్రోను సంఘం విశ్వాసులం. దాన్ని మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారి పనిని కూడా ఒకప్పుడు ఇలాగే అన్నారు. ఆయన 1903లో పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో పుట్టారు, కెనడాలో చదువుకుంటూ 1929లో ప్రభువును నమ్ముకున్నారు. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా సంఘం మొదలైనప్పుడు ఆయన వెనక ఏ మిషను లేదు, విదేశీ బోర్డు లేదు, బిషప్ లేడు. మిషన్ చర్చిల నుంచి మనుషుల్ని లాక్కుపోతున్నాడని తిట్టినవాళ్లు చాలామంది. 2000 సెప్టెంబర్ 17న ఇక్కడే హైదరాబాద్‌లో ఆయన కన్నుమూసినప్పుడు నారాయణగూడ సమాధుల దాకా కదిలిన జనంలో అన్ని సంఘాలవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మమ్మల్ని చర్చి కాదని అనేవాళ్లు కనబడరు. చాపల మీద కూర్చుని ఆరాధించి, అయ్యాక అందరం కలిసి ప్రేమవిందు తినే మాకు బిషప్ ఎప్పుడూ లేడు, ఇప్పటికీ లేడు.

సీతాఫల్‌మండి_శామ్
ఆ ప్రేమవిందు సాంబారు కోసమే చిన్నప్పుడు ఒక ఆదివారం మా చర్చి ఎగ్గొట్టి అటు వచ్చాను. మంచి సంఘం అని సాక్ష్యమిస్తాను.

కాకాని_వారసుడు
పై పోస్టుకు తోడు మా సంగతి. బైబిలు మిషను 1938లో మొదలైంది. దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో పనిచేసినవారే. బయటికి వచ్చి సొంతంగా మొదలుపెట్టినప్పుడు మా తాతల్ని బంధువులే శుభకార్యాలకు పిలవలేదట. ఇప్పుడు జనవరిలో గుంటూరులో మా మహాసభలకు ఎన్ని లక్షల మంది వస్తారో మీరే చూస్తున్నారు. కొత్తది కాబట్టి అబద్ధం అనే వాదన మాత్రం వద్దు.

మెదక్_మనవడు
అసలు సీఎస్ఐ పాతదని ఎవరు చెప్పారు? అది పుట్టింది 1947 సెప్టెంబర్ 27న, మన స్వాతంత్ర్యానికి నెల తరువాత. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్ కాంగ్రిగేషనల్ వాళ్లు కలిసి చేసుకున్న చర్చి. అప్పుడు ఇంగ్లండ్‌లో హై చర్చి వాళ్లు (బిషప్పుల వరుసకు పెద్దపీట వేసే ఆంగ్లికన్లు) ఇదేం చర్చి, బిషప్ చేతి కింద ఆర్డినేషన్ పొందని పాస్టర్లను ఎలా ఒప్పుకుంటాం అని పెద్ద రభస చేశారు. 1948లో లండన్‌లోని లాంబెత్‌లో కూర్చున్న ఆంగ్లికన్ బిషప్పులు పూర్తి సహవాసం ఇవ్వలేదు. మన నంద్యాలలోనే కొన్ని ఆంగ్లికన్ సంఘాలు సీఎస్ఐలో చేరకుండా ఏళ్ల తరబడి బయటే ఉండిపోయాయి. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 1739లో ఆయన చర్చి గుమ్మం దాటి పొలాల్లో ప్రసంగించడం మొదలుపెడితే పెద్దమనుషులు ముక్కున వేలేసుకున్నారు. పాత_వెస్లియన్ గారు, మీ పేరులోనే ఒక కొత్త ఉద్యమం ఉంది.

అయినా మా మెదక్ చర్చి అంటే నాకు ప్రాణం. కరువు రోజుల్లో పనికి తిండి పెట్టి మిషనరీ పోస్నెట్ దొర కట్టించారు, 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. ఆ రాళ్లలో మా ముత్తాత కష్టం ఉంది. రాతి గోడలని తీసిపారేసిన ఆ తండ్రిగారికి ఈ ముక్క చెప్పండి.

గన్‌ఫౌండ్రి_అగస్టిన్
క్యాథలిక్ వైపు నుంచి ఒక మాట. 2000లో వాటికన్ విడుదల చేసిన దోమినుస్ యేసుస్ పత్రం ప్రకారం, అపొస్తలుల నుంచి బిషప్పుల వరుస తెగిపోయిన సంఘాలు అసలైన అర్థంలో చర్చిలు కావు. అంటే ఆ కొలత పెడితే సీఎస్ఐ, బాప్టిస్టు, హెబ్రోను, కొంపల్లి హాలు అన్నీ ఒకే వరుసలో నిలబడతాయి. కోపగించుకోకండి. ఎందుకు చెబుతున్నానంటే అదే క్యాథలిక్ చర్చి సీఎస్ఐ బాప్తిస్మాన్ని మాత్రం ఒప్పుకుంటుంది. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో, సరైన ఉద్దేశంతో ఇచ్చింది అయితే చాలు, మళ్లీ ఇవ్వరు. ఇన్ని విభేదాలున్న రోమ్ చెల్లుతుందన్న బాప్తిస్మాన్ని ఈ అపొస్తలులు చెల్లదంటున్నారు. మార్త గారూ, మీ తమ్ముడు ఈ మాట ఆలోచించాలి.

గోల్కొండ_చౌరస్తా
అగస్టిన్ గారు, ఇందులో కొంపల్లి పాస్టర్ గారిని ఒక్కరినే తప్పుపట్టలేం. మేమూ, బాప్టిస్టులూ, పెంతెకొస్తు వాళ్లూ విశ్వసించినవాళ్లకే బాప్తిస్మం అంటాం. పసిపిల్లలకు ఇచ్చింది మా లెక్కలో బాప్తిస్మం కాదు. ఇది మనస్సాక్షితో నమ్మే సంగతి. పెళ్లికి షరతుగా పెట్టడం మాత్రం నాకు నచ్చలేదు. అమ్మాయి కోసం నీళ్లలో దిగేవాడికి అది స్నానం అవుతుంది అంతే.

రాంనగర్_రూతు
చరిత్ర అంతా బాగుంది. లోపల ఉండి బయటికి వచ్చినదాన్ని, నేను చూసింది చెబుతాను. పేరు రాయను, ఇంకా మా వాళ్లు అక్కడే ఉన్నారు.

మొదట్లో అంత ప్రేమ ఎక్కడా దొరకదు. అమ్మకి ఒంట్లో బాగోలేకపోతే ఇంటికొచ్చి వంట చేసి పెట్టారు. మా సొంత పాస్టరేట్ వాళ్లు ఫోన్ కూడా చెయ్యలేదు, అది కూడా నిజమే. తరువాత మెల్లగా మొదలైంది. దశమభాగం జీతంలో చేతికి వచ్చినదాని మీద కాదు, మొత్తం జీతం మీద ఇవ్వాలన్నారు. దాని మీద విత్తన కానుక, అంటే ఎక్కువై తిరిగొస్తుందని ఇప్పించే డబ్బు. దాని మీద మందిర స్థలం కోసం మొక్కుబడి. ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదివేవారు. ప్రార్థన నూనె సీసా కొనిపించారు. అమ్మ షుగర్ మాత్రలు వేసుకుంటుంటే అవిశ్వాసం అన్నారు. మానేసింది. ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది. మేం స్థలం డబ్బు లెక్క చూపించమని అడిగాం. తరువాతి ఆదివారం ప్రసంగం అంతా 'నేను అభిషేకించిన వారిని ముట్టకూడదు' మీదే. అప్పటిదాకా ఇంట్లో మనుషుల్లా తిరిగినవాళ్లు మా ఫోన్లు ఎత్తడం మానేశారు.

వాళ్ల సిద్ధాంతంలో నాకు ఒక్క తప్పు కనబడలేదు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒక్కడే దేవుడని) నమ్ముతారు, బైబిలు నమ్ముతారు, పాటలు మనవే. అందుకే బైబిలు సిద్ధాంతం సరిపోయింది కదా అని ఊరుకోకండి అక్కా.

మెట్టుగూడ_మార్త
రూతూ, చదివి చాలా బాధేసింది. అమ్మ ఇప్పుడు ఎలా ఉన్నారు?

రాంనగర్_రూతు
బాగుంది అక్కా. మాత్రలు వేసుకుంటోంది. చర్చికి మాత్రం ఎక్కడికీ రానంటోంది.

బోరబండ_పాస్టర్_కొడుకు
ఈ చర్చ చదువుతుంటే కడుపు మండుతోంది. రూతు అక్కకు జరిగింది ఘోరం, కాదనను. ఇండిపెండెంట్ చర్చి అనగానే దుకాణం అనేవాళ్లు ఒకసారి మా గల్లీకి రండి. మాది రేకుల షెడ్డు. నాన్న వారమంతా ఆటో నడుపుతారు, ఆదివారం వాక్యం చెబుతారు. కానుక పెట్టెలో వచ్చేది షెడ్డు అద్దెకూ కరెంటు బిల్లుకూ చాలదు. సంఘంలో తాగి భార్యను కొట్టేవాళ్లు మారారు. అర్ధరాత్రి ఎవరింట్లో చావు జరిగినా మొదట వెళ్లేది నాన్నే. సమాధి స్థలం కోసం ఎన్ని గుమ్మాలు ఎక్కామో మాకు తెలుసు. పెద్ద చర్చిల సమాధుల తోటల్లో వాళ్ల సభ్యులకే చోటు. బతికున్నప్పుడు చర్చి కాదంటారు, చచ్చాక భూమి లేదంటారు. ఇద్దరు ముగ్గురు నా నామమున కూడిన చోట ఉంటానని ప్రభువు అన్నప్పుడు డయాసిస్ సర్టిఫికెట్ అడగలేదు.

పాత_వెస్లియన్
బాబూ, మీ నాన్నగారిలాంటి వారిని ఉద్దేశించి నేను అనలేదు. ఆటో నడిపి వాక్యం చెప్పే మనిషికీ, పేరు ముందు అపొస్తలులు అని ఫ్లెక్సీ కట్టించుకునే మనిషికీ తేడా నాకు తెలుసు. పౌలు కూడా డేరాలు కుట్టుకుని బతికాడు. సమాధుల సంగతిలో మీరన్నది నిజం. మా కమిటీ మీటింగ్‌లో ఈసారి నేనే ఎత్తుతాను.

ఉప్పల్_ఆడిటర్
'మాది రిజిస్టర్డ్ చర్చి' అని ఎవరైనా అంటే జాగ్రత్తగా వినండి. మన దేశంలో ఇది చర్చి, ఇది కాదు అని ప్రభుత్వం ఎవరికీ ముద్ర వేసి ఇవ్వదు. చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీగానో, లేకపోతే ట్రస్టుగానో రిజిస్టర్ అవుతాయి. కాలనీ సంక్షేమ సంఘం కూడా అదే చట్టం కింద రిజిస్టర్ అవుతుంది. ఆ కాగితం ఆత్మీయత గురించి ఏమీ చెప్పదు. అందులో కమిటీ సభ్యుల పేర్లు మాత్రం ఉంటాయి. అవి చదవండి. అధ్యక్షుడు పాస్టర్, కార్యదర్శి ఆయన భార్య, కోశాధికారి బావమరిది అయితే లెక్క అడిగేవాడు లోపల లేనట్టే.

ఇంకో మోసం కూడా చూశాను. కానుక ఇస్తే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 80జీ మినహాయింపు వస్తుందని చెప్పడం. ఒక మతస్థుల కోసమే పెట్టిన ట్రస్టుకు 80జీ రాదు. ఆస్పత్రో అనాథాశ్రమమో నడిపే వేరే ట్రస్టుకు ఉండవచ్చు, అప్పుడు రసీదు దాని పేరు మీద రావాలి. విదేశీ డబ్బు తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, 2020 సవరణ తరువాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పాస్టర్ గారి సొంత ఖాతాకు పంపమంటే ఆగిపోండి. పౌలు యెరూషలేము కానుకలు తీసుకెళ్లేటప్పుడు నింద రాకూడదని వేరే మనుషుల్ని వెంటబెట్టుకున్నాడు, 2 కొరింథీ 8లో ఉంది. పౌలుకే అవసరమైంది.

హైటెక్‌సిటీ_జోయెల్
అమీర్‌పేట హాస్టల్లో ఉన్నప్పుడు నన్ను ఒక ఆన్‌లైన్ బైబిల్ స్టడీకి పిలిచారు. నెలలు గడిచినా సంస్థ పేరు చెప్పలేదు. నోట్స్ ఎవరికీ చూపించవద్దు, ఇంట్లో చెప్పవద్దు, 'నువ్వు ఇంకా పాలు తాగే దశలో ఉన్నావు' అనేవారు. గట్టిగా అడిగితే చివరికి ప్రకటన గ్రంథం అర్థం ఒక్క మనిషికే తెలుసని, ఆయన వేరే దేశంలో ఉన్నాడని బయటపడింది. నా కొలత అప్పటి నుంచి చాలా చిన్నది. పేరు దాచేది చర్చి కాదు. పేతురు వీధిలో నిలబడి అరిచి చెప్పాడు.

బెరయ_చదువరి
ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. విడదీయకపోతే తేలదు.

రూతు గారి అనుభవం ప్రవర్తన గురించి. డబ్బు, అధికారం, భయం. అది ఏ సంఘంలోనైనా జరగవచ్చు, వందేళ్ల చర్చిలో కూడా. రెండోది విశ్వాసం గురించి. ఉదాహరణకు మోర్మన్లు, అంటే కడవరి దిన పరిశుద్ధుల సంఘం. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టారు. మన హైదరాబాద్‌లో 2012లో వాళ్ల స్టేక్ (కొన్ని స్థానిక సంఘాల సముదాయం) ఏర్పడింది, దేశంలో అదే మొదటిది. వాళ్ల స్థానిక బిషప్పులకు జీతం లేదు, ఉద్యోగాలు చేసుకుంటూ సేవ చేస్తారు. మర్యాదస్తులు. అయినా బైబిలుతో పాటు ఇంకో గ్రంథం ఉంది, తండ్రి కుమార పరిశుద్ధాత్మల గురించి నైసియా సభలో 325లో సంఘ పెద్దలు ఒప్పుకున్నది వాళ్లు ఒప్పుకోరు. అందుకే 2001లో వాటికన్ వాళ్ల బాప్తిస్మం చెల్లదని తేల్చింది. యెహోవా సాక్షులు కూడా త్రిత్వాన్ని ఒప్పుకోరు. వీళ్లు చెడ్డవాళ్లని నేను అనను. 1986లో జాతీయ గీతం పాడనందుకు బడి నుంచి పంపేసిన కేసులో సుప్రీంకోర్టు యెహోవా సాక్షుల పిల్లల మనస్సాక్షిని కాపాడింది, మంచి తీర్పు. వాళ్లకు ఆ హక్కు ఉండాలి. అదే సమయంలో 'మనమంతా ఒకే విశ్వాసం' అని ఇంటికొచ్చి చెబితే కాదనే హక్కు మనకూ ఉంది.

మార్త గారూ, మీ కొంపల్లి వాళ్లు మొదటి ప్రశ్నలో ఇబ్బందా, రెండో ప్రశ్నలో ఇబ్బందా? నాకు మొదటిదే అనిపిస్తోంది. అలాగైతే వాళ్లు క్రైస్తవులే, సంఘమూ సంఘమే, కాపరి సంగతే తేలాలి.

గన్‌ఫౌండ్రి_అగస్టిన్
బాగా విడదీశారు. ఒక్కటి కలపండి. వదిలిపోతానంటే ఏం చేస్తారో చూడాలి. వదిలితే శాపం తగులుతుంది, యాక్సిడెంట్ అవుతుంది అనేవాళ్ల దగ్గర విశ్వాసప్రమాణం ఎంత చక్కగా చదివినా నేను నమ్మను.

నాంపల్లి_లాయరమ్మ
అందరూ వేదాంతంలో ఉన్నారు, పెళ్లి సంగతి మర్చిపోయారు. మార్తా, 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి చెయ్యడానికి అందరికీ అధికారం లేదు. బిషప్ చేత ఆర్డినేషన్ పొందినవారు చెయ్యవచ్చు. మిగతా పాస్టర్లకు ప్రభుత్వం ఇచ్చిన లైసెన్స్ ఉండాలి. లేదంటే మ్యారేజ్ రిజిస్ట్రార్. అధికారం లేని మనిషి చేస్తే 4వ సెక్షన్ ప్రకారం ఆ పెళ్లి చెల్లదు, తెలిసి చేసిన మనిషికి 68వ సెక్షన్ కింద పదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. నా దగ్గరికి వీసా కోసం సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, దాని మీద సంతకం చేసిన పాస్టర్‌కు లైసెన్సే లేదని తెలిసి ఏడ్చిన జంటలున్నారు. అప్పటికి పిల్లలు కూడా.

ఇంకోటి. రాత్రి పెళ్లి అన్నారు. ఆ చట్టం ప్రకారం పెళ్లి ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి, స్పెషల్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప. టైం తప్పినంత మాత్రాన పెళ్లి రద్దు కాదు, 77వ సెక్షన్ కాపాడుతుంది. లైసెన్స్ లేకపోతే మాత్రం ఆ సెక్షన్ కాపాడదు. ముందు లైసెన్స్ కాపీ అడగండి. నిజమైన కాపరి అయితే నవ్వుతూ చూపిస్తాడు.

బోరబండ_పాస్టర్_కొడుకు
మా నాన్నకు లైసెన్స్ లేదు. అందుకే మా సంఘంలో పెళ్లిళ్లకు తెలిసిన బాప్టిస్టు అయ్యగారిని పిలుస్తారు, నాన్న ప్రార్థన మాత్రం చేస్తారు. అందులో ఆయనకు చిన్నతనం ఏమీ అనిపించలేదు.

నాంపల్లి_లాయరమ్మ
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి.

మెట్టుగూడ_మార్త
ఆదివారం నేనూ తమ్ముడూ వాళ్ల ఆరాధనకు వెళ్లాం, అయ్యాక పాస్టర్ గారితో కూర్చున్నాం. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

ప్రసంగం బాగుంది. సిలువ గురించి చెప్పారు, మా చర్చిలో కూడా ఈమధ్య అంత సూటిగా వినలేదు. త్రిత్వం గురించి బెరయ_చదువరి గారు అన్నట్టు అడిగాను, పూర్తిగా ఒప్పుకుంటారు. మందులు మానమని ఎప్పుడూ చెప్పలేదని, సంఘంలో ఇద్దరు డాక్టర్లు ఉన్నారని అన్నారు. వాళ్లు నాతో మాట్లాడారు కూడా. పెళ్లి లైసెన్స్ అడిగితే మొహం మారింది. లేదు. 'దేవుడిచ్చిన అధికారం చాలు' అన్నారు. కమిటీలో ఎవరున్నారని అడిగితే ఆయన, అమ్మగారు, వాళ్ల పెద్దబ్బాయి. లెక్కలు సంఘానికి చదివి వినిపిస్తారా అంటే, అడిగినవాళ్లు ఇంతవరకు లేరన్నారు.

అప్పుడు పక్కనే ఉన్న అమ్మాయి నోరు తెరిచింది. "నేను అడుగుతున్నాను పాస్టర్ గారు" అంది. వాళ్ల నాన్న తల దించుకున్నారు. పాస్టర్ గారు కాసేపు ఏమీ అనలేదు, ఆలోచిస్తానన్నారు. కోప్పడలేదు, అది కూడా రాయాలి.

రాంనగర్_రూతు
ఆ అమ్మాయిని వదులుకోకండి అక్కా.

పాత_వెస్లియన్
రూతమ్మ మాటే నాదీ. మీ నాన్నగారికి ఈ పోస్టు చదివి వినిపించండి. దుకాణం అన్న మాట ఇప్పుడే వెనక్కి తీసుకోమనను, లెక్కలు వచ్చేదాకా ఆగమనండి.

గోల్కొండ_చౌరస్తా
బాప్తిస్మం సంగతి ఏమైంది?

మెట్టుగూడ_మార్త
తమ్ముడు ఆయన ముఖం మీదే చెప్పాడు. నాకు నమ్మకం కుదిరిన రోజు నేనే వచ్చి అడుగుతాను, పెళ్లి కోసం మాత్రం దిగను అన్నాడు. పాస్టర్ గారు అది మాత్రం ఒప్పుకున్నారు. పెళ్లి మా పాస్టరేట్‌లో, మా ప్రెస్బిటర్ (సీఎస్ఐ పాస్టర్) గారి చేత, మధ్యాహ్నం 3 గంటలకు అనుకుంటున్నాం. వాక్యం కొంపల్లి పాస్టర్ గారినే చెప్పమని అమ్మ అడిగింది, ఇంకా జవాబు రాలేదు. నాన్న వాక్యం దాకా సరే అంటున్నారు, ఆశీర్వాదం మాత్రం మన అయ్యగారే ఇవ్వాలట. లాయరమ్మ గారూ, అమ్మాయి వేరే సంఘం సభ్యురాలు కదా, నోటీసు రెండు చోట్లా పెట్టాలా?

నాంపల్లి_లాయరమ్మ
పెళ్లి చేసే ప్రెస్బిటర్ గారికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వండి, ఇద్దరి పేర్లు, వృత్తి, చిరునామాలు, ఏ చర్చిలో పెళ్లి అన్నది అందులో ఉండాలి. ఆయన దాన్ని తన చర్చిలో అందరికీ కనబడేలా అంటిస్తారు. అమ్మాయి బాప్తిస్మం సర్టిఫికెట్ మీ పాస్టరేట్ అడుగుతుంది, కొంపల్లి వాళ్ల దగ్గర ఇప్పుడే తీసి పెట్టుకోండి. రిజిస్టర్‌లో సంతకం పెట్టే సాక్షులు ఇద్దరు, ఒకరు వాళ్ల వైపు నుంచి ఉంటే బాగుంటుంది.

సీతాఫల్‌మండి_శామ్
విందుకు సాంబారు హెబ్రోను వాళ్లకు అప్పగించండి.